బరువు బండియా, పరుగు బండియా?



ఈ మాసమున వంటయింటిని కొంతసేపు విడిచి, వాకిట నిలుచు వస్తువును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని. అది నిలుచుట వాకిటనే గాని, దాని వెల తరచుగా మన పెట్టెలోని నగలనుండి వచ్చును. నగ తాకట్టునకు పోవునపుడు మన సమ్మతి కావలెను. బండి యింటికి వచ్చునపుడు మాత్రము మన మాట అక్కరలేదు. కావున బండి కొనుట పురుషుల ముచ్చటయని మనము పెరటిలోనికి తప్పుకొనుట తగదని నా యభిప్రాయము.

మా గూడూరున ఈ తగవు తరచుగా వినవచ్చుచున్నది. తండ్రి సరకు మోయు పికప్పు బండి కావలెననును. కొడుకు చిన్నదై, నేలకు దగ్గరగానుండి, బాణమువలె పోవు కారు కావలెననును. ఇరువురును భోజనమునకు కూర్చుండి వాదింతురు. వడ్డించు నామె వినుచుండును. పులుసు చల్లారును గాని తగవు చల్లారదు.

ఈ తగవునకు మా యూరు తగిన చోటే. చెన్నపట్టణమునుండి విజయవాడకు పోవు రైలుమార్గమున ఇది కూడలి. రేణిగుంటకు పోవు దారి యిచ్చటనే చీలును. పూర్వము గ్రాండ్ నార్తరన్ ట్రంకు రోడ్డనబడిన పెద్దబాట, నేటి 16వ జాతీయ రహదారి, ఊరి ప్రక్కనుండి పోవును. సైదాపురము, బాలాయపల్లె, డక్కిలి, వెంకటగిరి ప్రాంతముల తోటలలోని నిమ్మకాయ మా మార్కెట్టునకు చేరి, లారీలకెక్కి ఢిల్లీ మొదలగు ఉత్తరదేశపు పట్టణములకు తరలిపోవును. తూర్పున కోట, వాకాడు వైపు రొయ్యల చెరువులు. వానికి మేత బస్తాలు పోవలెను, పట్టిన రొయ్య మంచుతో తిరిగి రావలెను. బరువు మోయు బండికి ఇచ్చట పని కరవు లేదు. రహదారి నున్నగను నిడుపుగను ఉండుటచే పరుగు బండి మీది యాశకును కరవు లేదు. ఒకే దారి తండ్రికొక కలను, కొడుకునకొక కలను పుట్టించుచున్నది.

తండ్రి పక్షమున చెప్పవలసినది చాల కలదు. నిమ్మ చపలమైన పంట. వేసవిలో దాని ధర ఆకాశమునకెక్కును. 2022 ఏప్రిలులో దేశమంతట నిమ్మకాయ వెలయే ముచ్చటగా నుండిన సంగతి మీకు జ్ఞాపకముండును. మరియొక కాలమున అదే కాయకు కోతకూలి గూడ రాదు. అట్టి దినములలో బాడుగ బండికిచ్చు సొమ్ము రైతు నడుము విఱుచును. అదిగాక బాడుగ బండి మన వేళకు రాదు. మార్కెట్టులో కాయ చేరవలసిన గడియ దాటిన తరువాత వచ్చి, తోట గట్టున నిలిచి హారను మ్రోగించును. సొంత బండి గలవాడు తన కాయను తన వేళకు చేర్చుకొనును. పంట లేని నెలలలో పొరుగువాని సరకునకు బాడుగకు తోలుకొనును. ఇంతకు మించిన తర్కము రైతునకు అక్కరలేదు.

కొడుకు పక్షమును తోసివేయవలదు. ఇరువదేండ్ల వానికి వేగముపై మక్కువ కలుగుట కొత్త రోగమేమియు కాదు. శాకుంతల నాటకమున ప్రథమాంకమే రథవేగ వర్ణనతో ప్రారంభమగును. కాళిదాసునంతటి వానికి గూడ, పరుగెత్తు రథమునుండి చూచిన ప్రపంచమెట్లుండునో చెప్పుటయందు వేడుక కలిగినది. భారతమున నలోపాఖ్యానము చదివినవారికి ఋతుపర్ణుని ఉత్తరీయము కథ తెలిసియే యుండును. బాహుకుడు తోలు రథమునుండి ఉత్తరీయము జారినది; నిలుపుమని రాజు చెప్పునంతలో అది యోజనము వెనుకబడినది. ఆ పరుగు వెనుకనున్న యుక్తి దమయంతిదని మఱవరాదు. ఒక్క దినమున అయోధ్యనుండి విదర్భకు రథము తోలగలవాడు నలుడొక్కడేయని ఎఱిగి, ఆమె ద్వితీయ స్వయంవరమను వార్త పంపినది. వేగము పురుషులదే యైనను, దానిని తన పనికి వాడుకొన్నది ఆ యిల్లాలు.

ఇక ఈ రెండు బండ్ల సంగతి కొంచెము వివరముగా చెప్పెదను. 2005 మే నెలలోనే టాటావారి ఏస్ బండియు, మారుతివారి స్విఫ్టు కారును మన దేశపు అంగళ్లకు వచ్చినవి. ఒకే నెలలో తండ్రి కోరికయు కొడుకు కోరికయు పుట్టినవన్నమాట. ఏస్ బండి మొదట వచ్చినప్పుడు దాని ఇంజనుకు రెండే సిలిండర్లు, 702 ఘన సెంటీమీటర్లు, పదునాఱు గుఱ్ఱముల బలము. ఆ కొద్ది బలముతోనే ముప్పావు టన్ను బరువు మోయునని పేరుపడెను. హిందీవారు దానిని ఛోటా హాథీ యనిరి. అరవవారు కుట్టి యానై యనిరి. మూడు చక్రముల ఆటో చాలనివారికి, లారీ ఎక్కువైనవారికి అది నడిమి మెట్టు. మహీంద్రా బొలేరో పికప్పు, అశోక్ లేలాండు దోస్తు మొదలగునవి వాడుకలోనికి వచ్చి, ఇప్పుడు మా మార్కెట్టు వాకిట వరుసగా నిలుచుచున్నవి.

స్విఫ్టు చిన్నకారు, తేలికయైనది, తిప్పిన వైపునకు చురుకుగా తిరుగును. దానినే మా కుఱ్ఱవాండ్రు పరుగు బండి యందురు. కొందఱు 2022లో మన దేశమున తయారీ నిలిచిపోయిన ఫోక్స్‌వాగన్ పోలోలో జీ.టీ. యను తరగతిని పాతబండ్ల అంగళ్లలో వెదకుచున్నారు. నిజమునకు స్పోర్ట్సు కారనగా ఇవి కావు. రెండే సీట్లు, పొట్టి యొడలు, తీసివేయదగిన కప్పు, నేలనంటు నడుము కలది స్పోర్ట్సు కారు. ఆ జాతికి ప్రపంచమున మిక్కిలి ప్రసిద్ధి తెచ్చినది జపానువారి మాజ్దా కంపెనీ 1989లో చేసిన ఎం.ఎక్స్.-5. అది టన్నుకు లోపు బరువుండెను. ఇంజను పెద్దది గాదు. తేలికదనమే దాని వేడుక. 2016 నాటికి పది లక్షల బండ్లు తయారైనవి. మన దేశమున 1998లో గోవాలో శాన్ స్టార్మ్ అను రెండు సీట్ల బండిని ఫైబరు ఒడలితో చేసిరి గాని, అది నిలువలేదు. చిన్నది, చవుకది, పరుగుది యను మూడు గుణములు గల స్పోర్ట్సు కారు మన అంగడిలో లేదనుటయే సత్యము. ఉన్నవి విదేశములనుండి సుంకము కట్టి దిగినవి. 2025 జులైలో ఎం.జీ. కంపెనీవారు సైబర్‌స్టర్ అను విద్యుత్తు స్పోర్ట్సు కారును తెచ్చిరి. అప్పటి వెల రమారమి 75 లక్షలు. ఆ సంవత్సరమే జూనులో టాటావారు ఏస్ ప్రో యను చిన్న సరకు బండిని తెచ్చిరి. అప్పుడు దాని వెల 3 లక్షల 99 వేలతో మొదలయ్యెను. ఆ ఒక్క కారు వెలకు అప్పుడు ఇట్టివి పదునెనిమిది వచ్చెడివి.

ఇప్పుడొక చిత్రము చూడుడు. 75 లక్షల కారులో సీట్లు రెండు. నాలుగు లక్షల బండిలోను సీట్లు రెండే.

మా వీధిలోని యొక యిల్లాలు ఈ సంగతినే నాకంటె ముందుగా కనిపెట్టినది. ఆమె మగడు నిమ్మతోట రైతు. కుమారుడు తిరుపతిలో చదువుకొని వచ్చినవాడు. ఇంటిలో అత్తగారు, పెండ్లికెదిగిన కూతురు కలరు. ఆమె చదువరి కాదు గాని లెక్క తెలిసినది. ఒకనాడు మజ్జిగకు తోడుకై వచ్చి, "అయివారమ్మా, ఆ బండెక్కి నాయనా కొడుకూ యాడికైనా పోతారు. అత్తా నేనూ బిడ్డా యాడ కూచోవాలో మాత్రం ఎవురూ చెప్పలా" అన్నది. ఆ మాట విన్న పిమ్మట నాకు ఈ తగవు మఱియొక తీరుగా కనబడెను. వారు బరువా పరుగా యని తర్కించుచున్నారు. ఆ రెండింటిలోను ఇంటి యాడువారికి చోటు లేదు.

చోటు లేదనుటకంటె, లేని చోట కూర్చుండబెట్టుదురనుట సరి. పరుగు కారు కొన్న యింటిలో మనము కారెక్కము, ఇంటనే యుందుము, అంతటితో సరి. బరువు బండి కొన్న యింటిలో మనలను వెనుక తొట్టిలో నెక్కింతురు. కష్టము అచ్చటనే యున్నది. వెంకటగిరి పోలేరమ్మ జాతరకు, పెంచలకోన తిరునాళ్లకు, పెండ్లిండ్లకు, కాయకోత కూలికి, తొట్టిలో చాపలు పఱచి స్త్రీలను, పిల్లలను కూర్చుండబెట్టుట మనము చూచుచునే యున్నాము. ముందర డ్రైవరు ప్రక్కన మగవాడొకడు చేతిలో ఫోనుతో కూర్చుండును. వెనుక ముసలమ్మ, బాలింత, చంటిబిడ్డ. పట్టుకొనుటకు ఇనుప కమ్మి తప్ప మఱేమియు లేదు.

ఇది వట్టి అసౌకర్యము గాదు, ప్రాణాపాయము. దీని కారణము బండి అడుగున నున్నది. సరకు బండి వెనుక చక్రములపై ఇనుప కమాను కట్టలుండును. పట్టీపై పట్టీ పేర్చి బిగించిన ఆ కమాను టన్ను బరువు పడినప్పుడు వంగి బండిని నెమ్మదిగా నడిపించుటకు చేసినది. తొట్టిలో బస్తాలున్నప్పుడు అది బుద్ధిమంతురాలు. పదిమంది మనుష్యులు మాత్రమే యున్నప్పుడు, లేక వట్టిగానున్నప్పుడు, వంగక యెగురును. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడు తొట్టిలోనివారు గాలిలోనికి లేతురు. అంతేగాక బస్తా కదలదు, మనిషి కదలును. మలుపులో అందఱు ఒక వైపునకు ఒరిగినచో, ఎత్తున నున్న బరువు ఒక ప్రక్కకు చేరి బండి తిరుగబడును. సరకునకై చేసిన తొట్టి మనుష్యులను సరకుగనే యెంచును.

దీనికి తోడు చట్టము సంగతి తెలిసికొనుట అవసరము. సరకు బండి వెనుక మనుష్యుల నెక్కించుట చట్టవిరుద్ధమని అందఱికిని తెలియును. పోలీసువాడు చూచిన జరిమానా, చూడకున్న లేదు, అని అంతవఱకే ఎంచుదురు. తెలియనిది బీమా మాట. సరకు బండిలో ఊరక యెక్కించుకొన్న ప్రయాణికులకు ప్రమాదమున హాని కలిగిన, వారి పరిహారము బీమా కంపెనీ బాధ్యత గాదని అత్యున్నత న్యాయస్థానము 2002 డిసెంబరులోనే తీర్పు చెప్పినది. సరకు యజమాని తన సరకుతో క్యాబినులో పోవుట వేఱు. బంధువులను జాతరకు తొట్టిలో తీసికొనిపోవుట వేఱు. ఏటేట బీమా కట్టుచున్నాముగదా యని నిశ్చింతగా నున్న కుటుంబము, ఆ దినమున తోటను తెగనమ్ముకొని పరిహారము చెల్లింపవలసి రావచ్చును. నగయు పోయినది, తోటయు పోయినది, మనిషియు పోయినది. ఇట్టి యింటి కథలు మన ప్రక్క వినని వారుండరు.

ఇందులకు నివారణ కలదా యని అడుగుదురు. కలదు. దానిని మొదట కోరినది గూడ ఒక రైతు భార్యయే. 1925లో అమెరికాలో ఫోర్డు కంపెనీవారు తమ మోడల్ టీ కారునకు వెనుక చిన్న తొట్టి కట్టి 281 డాలర్లకు అమ్మిరి. కార్ఖానానుండియే తొట్టితో వచ్చిన పికప్పులలో అది మొదటిదందురు. అది మగవాని బండి. ముందర కూర్చుండువాని సుఖమును అంతగా ఎంచలేదు. 1932 ప్రాంతమున ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమునుండి, గిప్స్‌లాండు సీమలోని యొక రైతు భార్య ఫోర్డు కంపెనీకి ఉత్తరము వ్రాసినదని చెప్పుదురు. ఆదివారము దేవాలయమునకు బట్టలు తడియకుండ, గౌరవముగా కూర్చుండి పోవలెను. సోమవారము అదే బండిపై పందులను సంతకు తోలవలెను. అట్టి బండి చేసి ఇయ్యగలరా యని ఆమె యడిగినది. లూయిస్ బాంట్ అను పడుచు రూపకర్త ఆ మాట పట్టుకొని, ముందు కారు, వెనుక తొట్టి, నడుమ అతుకు కనబడకుండ ఒకే యొడలుగా గీసి చూపెను. 1934లో ఆ బండ్లు జీలాంగు కార్ఖానానుండి వెలువడినవి. ఆస్ట్రేలియావారు దానిని యూట్ అని ముద్దుగా పిలుతురు. గీచినవాని పేరు చరిత్రకెక్కినది. ఉత్తరము వ్రాసిన యిల్లాలి పేరు మాత్రము కథ చెప్పువారు చెప్పరు. పేరు లేకున్నను ఆమె యడిగిన ప్రశ్న నేటికిని సరియైనది: సరకెచ్చట, మనిషి యెచ్చట?

అట్టి బండి మనకు దూరమున లేదు. మా యూరినుండి పెద్దబాటన దక్షిణముగా నాయుడుపేట, సూళ్ళూరుపేట దాటి తడ చేరిన, ప్రక్కన శ్రీసిటీ యను పరిశ్రమల పట్టణము కలదు. అచ్చట జపానువారి ఇసుజు కంపెనీ 2016లో కార్ఖానా తెఱచినది. డీ-మాక్స్ అను పికప్పు బండ్లు అచ్చటనే తయారగుచున్నవి. దానిలో వీ-క్రాస్ అను రకమునకు నాలుగు తలుపులు, ఐదు సీట్లు, వెనుక తొట్టి. అనగా గిప్స్‌లాండు ఇల్లాలి కోరికకు మఱికొంత చేర్చి, పిల్లలకును అత్తగారికిని గూడ చోటు చేసినట్లున్నది. అయిననిందులో రెండు చిక్కులున్నవి. మొదటిది వెల, అది సామాన్య రైతు చేతికందదు. ఆ సొమ్ములో ఒక సరకు బండియు, ఒక చిన్న కారును కొని, బీమా కట్టి, ఇంకను మిగుల్చుకొనవచ్చును. రెండవది పొడవు. ఐదు మీటర్లకు మించిన ఆ బండి మా వీధులలో మలుపు తిరుగుటకు ఎదురింటివారి అరుగు అడ్డము వచ్చును. తోటలోనే యిల్లు గలవారికి, పెద్ద కమతము గలవారికి అది తగును. ఇరుకు వీధిలో కాపురమున్నవారికి అది వాకిట కట్టిన ఏనుగు.

చిన్న పరుగు కారును గూర్చి గూడ వాకిటి సంగతియే చెప్పవలెను. నేలకు దగ్గరగా నుండుటయే దాని సొగసు. మలుపులో ఒఱగకుండ నిలుచుట అందువలననే. కాని మన ప్రక్క అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్యపు వానలు. 2021 నవంబరు వానలలో మా ప్రాంతమున పెద్దబాట మీదికే నీరు వచ్చి లారీలు బారులు తీఱినవి. ఇక తోటకు పోవు మట్టి దారుల సంగతి చెప్పనేల? పొట్టికారు పొట్ట ప్రతి గట్టునకును తగులును. అలంకారమునకై ఇంకను క్రిందికి దింపించి, లావు టైర్లు తొడిగించి, చప్పుడు గొట్టము వేయించుట పిల్లల చేష్ట. దానివలన వేగము రాదు. పొరుగింటి పసిబిడ్డ నిదుర మాత్రము చెడును.

వేగమునకు తగిన చోటు వేఱే కలదు. ఇదే పెద్దబాటన చెన్నపట్టణము చేరకముందు షోలవరము వచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానములు దిగు బాట యది. దానిపై స్వాతంత్ర్యానంతరము చాల యేండ్లు మోటారు పందెములు జరిగినవి. 1990 ప్రాంతమున పందెములు ఇరుంగాట్టుకోట్టైలోని క్రొత్త బాటకు మారినవి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదున హుస్సేన్ సాగరు గట్టున విద్యుత్తు కార్ల ప్రపంచ పందెమే జరిగినది. ముచ్చట తీరని పిల్లవానిని ఒకసారి అట్టి పందెపు బాటకు పంపి చూపించుట, నెలనెల అప్పు కట్టు కారు కొని యిచ్చుటకంటె చవుక. లారీలు, గేదెలు, బడి పిల్లలు దాటు రహదారి పందెపు బాట గాదని అచ్చటనే వానికి బోధపడును.

అట్లని వేడుకకు ఇంటిలో చోటుండరాదని నేననను. మృచ్ఛకటికమున చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగు బిడ్డ బంగారు బండితో ఆడి వచ్చి, తనకిచ్చిన మట్టి బండిని చూచి యేడ్చును. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టి బండి నిండ పోసి, బంగారు బండి చేయించుకొమ్మనును. నాటకమునకు పేరు ఆ బండి వలననే వచ్చినది. ఆ ఘట్టము చదివినప్పుడెల్ల బిడ్డ యేడ్పునకు నాకు జాలి కలుగును. ఆమె మనస్సునకు ఆశ్చర్యము కలుగును. కాని ఆ నగలు తరువాత న్యాయసభలో చారుదత్తునికే చేటు తెచ్చిన సంగతియు మఱవను. నగలు పోసి బండి నింపు తల్లులు మన యిండ్లలో నేటికిని కలరు.

కావున నగ పెట్టెలోనుండి తీయకముందు కొన్ని మాటలడిగి తెలిసికొనుడు. బండి రిజిస్ట్రేషను ఎవరి పేర నుండును? సొమ్ము మీ నగ మీద వచ్చినచో మీ పేర నుండుటలో తప్పులేదు. పసుపు పలకపై నల్లని అక్షరములు గలది బాడుగకు తోలు బండి; తెల్లని పలక గలది సొంత వాడుకకు. తెల్లపలక బండిపై బాడుగ సంపాదింపరాదు. బాడుగ వచ్చును గదాయని ఆశ చూపి కారు కొనువాడు మిమ్ము మభ్యపెట్టుచున్నాడు. పన్నును గూర్చి పెద్ద వాదమవసరము లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజను గల కార్లకును, సరకు బండ్లకును జీ.ఎస్.టీ. నూటికి 28నుండి 18కి దిగినది. రెండింటికిని ఒకే పన్ను. పెద్ద ఇంజను కార్లకు మాత్రము 40.

మా వీధి యిల్లాలికి నేను చెప్పినది ఇది. తోటయున్నది గనుక ముందు బరువు బండినే కొననిమ్ము. అది తిని పండుకొనదు, సంపాదించి పెట్టును. కాని దాని తొట్టిలో నీవు గాని నీ బిడ్డ గాని ఒక్కనాడును ఎక్కమని, కొననిచ్చుటకు ముందే, అందఱి యెదుట చెప్పి ఒప్పించుము. పెండ్లికి పోవలెనన్న బస్సు కలదు, రైలు కలదు, బాడుగ కారు కలదు. రెండేండ్లు సరకు మోసి అప్పు తీఱిన పిమ్మట, పాతదైనను నాలుగు తలుపుల చిన్న కారు కొందురు గాక. అది చురుకైనదైన మఱియు మంచిది. కొడుకు ముచ్చటయు తీఱును, అత్తగారి మోకాళ్లును వెనుక సీటులో విశ్రమించును. రెండు సీట్ల స్పోర్ట్సు కారు మాట, ఇంటిలో ఇద్దఱే యుండి, చేతినిండ సొమ్మున్నవారి కొఱకు విడువుము.

ఇంకొక్క మాట మిగిలినది. తోలువారెవరు? దేవాసుర యుద్ధమున మూర్ఛిల్లిన దశరథుని రణరంగమునుండి తప్పించి కాచినది కైకేయి. మనము మాత్రము వాకిటి బండి తాళపుచెవి ముట్టుటకు జంకుచున్నాము. కారు తోలు లైసెన్సున్నను సరకు బండికి వేఱు అనుమతి కావలెనని భయపడువారుండిరి. 2024 నవంబరు 6న అత్యున్నత న్యాయస్థానపు ధర్మాసనము, చిన్న వాహనముల లైసెన్సు గలవారు 7500 కిలోగ్రాముల లోపు సరకు బండిని గూడ తోలవచ్చునని తేల్చి చెప్పినది. ఏస్ బండి గాని, బొలేరో పికప్పు గాని ఆ పరిమితికి ఎంతో లోపల నున్నవే. అనగా స్విఫ్టు నేర్చినామె ఏస్ తోలవచ్చును.

మొదట నేర్చుకొను లైసెన్సునకు దరఖాస్తు చేయవలెను. దానికి ఆఱు నెలల గడువుండును. ముప్పది దినములైన పిమ్మట తోలి చూపించు పరీక్షకు పోవచ్చును. నేర్చుకొనునప్పుడు ప్రక్కన లైసెన్సు గలవారు కూర్చుండవలెను, బండికి ముందు వెనుకల ఎఱ్ఱని ఎల్ అక్షరముండవలెను. గేరు బండ్లన్నిటికిని తొక్కుళ్ల వరుస ఒకటే: ఎడమ క్లచ్చి, నడుమ బ్రేకు, కుడి ఆక్సిలేటరు. చీర కుచ్చిళ్లు కొంచెము ఎత్తి దోపుకొని, చెప్పులు విడిచి లేదా మడమకు పట్టీ గలవి తొడిగికొని కూర్చుండుడు. జాఱు చెప్పు బ్రేకు క్రిందికి పోవుట చూచినాను. ఎండ యెక్కకముందు, మార్కెట్టునకు కాయ రాని దినమున, ఖాళీ మైదానములో మొదటి గేరున వారము దినములు తిరిగిన చాలును, చేయి కుదురును.